ఇరవై మూడు మినహాయింపులు

మా కంపెనీలో భద్రతకు ఏనాడూ లోటు లేదు. నల్లగొండ హెడ్డాఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ ఉండేవాడు. లోపల పదహారు సీసీ కెమెరాలు ఉండేవి, వాటిలో ఆరు పనిచేసేవి కూడా. కంప్యూటర్ల గది గుమ్మానికి ప్రతి అమావాస్యకూ కొత్త నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టించేవారు. రక్తం నమూనాల ఫ్రిజ్‌కు తాళం ఉండేది, తాళం చెవికి రిజిస్టరు ఉండేది, రిజిస్టరు పెట్టే బీరువాకు మళ్ళీ తాళం. ఇన్ని ఉండగా నాలుగు లక్షల మంది రోగుల రిపోర్టులు మాత్రం ఇంటర్నెట్‌లో దారిన పోయే ఎవరైనా తెరిచి చదువుకునేలా ఉన్నాయి. ఆ సంగతి 2021లో గ్లోరీ కనిపెట్టే దాకా మాలో ఎవరికీ తెలియదు. తెలిసిన తరవాత కూడా మాలో చాలామందికి పెద్ద ఇబ్బంది అనిపించలేదు. ఇది ఆ కథ.

మాది రక్తపరీక్షల కంపెనీ. పేరు చెప్పను, ఇప్పటికీ జీతం అక్కడే. నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా మా సెంటర్లు ఉన్నాయి. నేను కల్వకుర్తి సెంటర్ ఇన్‌ఛార్జిని, పేరు గిరి. మా నాయిన బీరన్న ఇప్పటికీ గొర్రెలు కాస్తాడు. ఈ కథలో నా వాటా ఇరవై మూడింట ఒకటి. అది ముందే ఒప్పుకుంటే నాకూ తేలిక, మీకూ తేలిక.

గ్లోరీది కట్టంగూర్ పక్కన ఒక చిన్న ఊరు. తండ్రి బాలస్వామి బావుల్లో పూడిక తీసే కూలీ. బావులు పోయి బోర్లు వచ్చాక పంచాయతీలో నల్లా నీళ్ళు వదిలే పనిలో చేరాడు. తల్లి భిక్షమ్మ పత్తి చేలల్లో పని చేసేది. పిల్ల గురుకులంలో చదివి, నల్లగొండలో డిప్లొమా చేసి, 2016లో మా కంపెనీలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరింది. ఆపరేటర్ అంటే మా దగ్గర ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగే మనిషి అని అర్థం. నాలుగేళ్ళు లాగింది. ఊరి నుంచి నల్లగొండకు రోజూ బస్సులో వస్తూ, కిటికీ పక్క సీటు దొరికిన రోజు ఫోన్లో కంప్యూటర్ భద్రత పాఠాలు చూసేది. పరీక్ష రాసింది, తప్పింది, మళ్ళీ రాసింది, పాసయింది. ఆ సర్టిఫికెట్ చూపిస్తే మా ఎండీ కమలాకర్ సార్ చాలా సంతోషించి, "మంచిదమ్మా, రెండో అంతస్తు ప్రింటర్ గూడ సూడు" అన్నారు.

కరోనా వచ్చాక రిపోర్టులన్నీ క్లౌడ్‌లో పెట్టడం మొదలైంది, దాని భద్రత చూసే పనీ గ్లోరీ మీదే పడింది. క్లౌడ్ అంటే మబ్బుల్లో దాచడమని కమలాకర్ సార్ ఒక ఫంక్షన్‌లో మైకు పట్టుకుని చెప్పారు. నిజానికి అది ఎక్కడో ఉన్న పెద్ద గోదాములో కిరాయికి తీసుకున్న జాగా. ఆ జాగాను అరలుగా చేసుకుని ఫైళ్ళు పెట్టుకోవాలి. ప్రతి అరకూ ఒక తలుపు ఉంటుంది. ఆ తలుపు మన ఆఫీసుల నెట్‌వర్కుకే తెరుచుకోవాలా, లోకమంతటికీ తెరుచుకోవాలా అన్నది చిన్న టిక్కు పెట్టి చెప్పొచ్చు. మా వాళ్ళు లోకమంతటికీ పెట్టారు. పెద్ద మనసు.

గ్లోరీ ఒక కాగితం ముక్క పట్టుకుని ఎండీ గదిలోకి వెళ్ళింది.

"సార్, మీ ఫోన్ల గీ అడ్రస్ కొట్టుర్రి."

ఆయన కొట్టారు. తెర మీద ఆయన షుగర్ రిపోర్టే ప్రత్యక్షమైంది. మూడు వందల పన్నెండు.

"మంచిగనే ఉన్నది గదమ్మా. పేషెంట్ ఏడున్నా రిపోర్ట్ సూస్కోవచ్చు."

"మీ ఒక్కరిదే కాదు సార్, ఎవరిదైనా సూడొచ్చు. చివరి అంకె మార్చుర్రి."

మార్చారు. మిర్యాలగూడ ఆడమనిషి ఒకామె గర్భం పరీక్ష వచ్చింది. ఇంకొకటి మార్చారు. ఎవరో పెద్ద ఆఫీసరు కాలేయం వచ్చింది. సార్ మరో పది అంకెలు మార్చి చూశారు. అది భద్రత మీద శ్రద్ధే అనుకుందాం.

"పాస్‌వర్డ్ అడుగుతలేదేంది?"

"తలుపే మూయలేదు సార్. ఇగ తాళం ఏడికెల్లి?"

సార్ గొంతు తగ్గించి, "గ్లోరీ, ఇది ఎవరికీ చెప్పకు" అన్నారు.

"చెప్పుడెందుకు సార్, ఇవ్వాళనే మూసేస్త."

"మూసుడు గురించి కాదమ్మా. నా షుగర్ సంగతి. ఇంట్ల తెలిస్తే అన్నం బంద్ చేస్తరు."

గ్లోరీ ఆ రోజే తలుపు మూసింది. మూడో రోజు మళ్ళీ తెరిచి ఉంది. మళ్ళీ మూసింది. ఆ నెలలో అలా తొమ్మిదిసార్లు మూస్తే తొమ్మిదిసార్లూ ఎవరో తెరిచారు. ఆ ఎవరో ఎండీ గారి బామ్మర్ది విజేందర్. మా కంపెనీ డిజిటల్ విభాగానికి ఆయన డైరెక్టర్. బెంగళూరులో రెండేళ్ళు ఉండి వచ్చి రోగుల కోసం ఒక యాప్ చేయిస్తున్నాడు. తలుపు మూస్తే ఆ యాప్‌లో రిపోర్టు రావడం లేదట. మూసిన తలుపుతో పనిచేసేలా యాప్‌ను సరిచేయొచ్చు కానీ, అందుకు పని చేయాలి. "మాది ఓపెన్ ఫిలాసఫీ" అని విజేందర్ గ్లోరీకి సమాధానం పంపాడు.

ఆ రోజుల్లోనే నకిరేకల్‌లో ఇన్‌ఛార్జిలందరికీ ఒక మీటింగు పెట్టారు. మధ్యలో చాయ్ తాగుతూ గ్లోరీని అడిగాను.

"మరి రోజూ నువ్వు మూసుడు, గాళ్ళు తెరుసుడు. గిదేనా పని?"

"లేదన్నా. రూల్ రాస్తున్న."

"మనకాడ రూల్స్ తక్కువున్నయా చెల్లె? మా సెంటర్ల గోడ మీద పద్నాలుగు అంటించిన్రు."

"గవి గోడకుండే రూల్స్ గిరన్నా. ఇది క్లౌడ్‌లనే ఉంటది. లోకానికి తెరిచిన అర ఎవరన్న కొత్తగ పెడ్తమంటే, కుదరదంటది. పాత అర ఎవరన్న తెరిస్తే, దానంతటదే మూస్తది. నేను నిద్రపోతున్నా, సెలవుల ఉన్నా దాని పని అది చేస్తది. నన్ను అడగది, నిన్ను అడగది."

"సార్‌ను?"

"సార్‌ను గూడ అడగది."

రెండు జిల్లాల్లో ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాను. ఎవరినీ అడగకుండా అమలయ్యే రూలును నేనెక్కడా చూడలేదు. దాని గురించి వినడం కూడా అదే మొదటిసారి.

గ్లోరీ తొందరపడలేదు. ముందుగా ఆ రూలును చూసి రాసుకునే పద్ధతిలో పెట్టింది. అంటే తప్పును అది ఆపదు. ఏ తలుపు, ఎవరు, ఎప్పుడు తెరిచారో జాబితా మాత్రం తయారుచేస్తుంది. ఈ పద్ధతి అందరికీ నచ్చింది. తప్పును ఆపకుండా రాసుకుంటే నచ్చనిది ఎవరికి? మొదటి వారం జాబితాలో నలభై ఒక్క తప్పులు వచ్చాయి. మూడు నెలలకు అరవై ఏడు అయ్యాయి. కమలాకర్ సార్ ఆ జాబితాను రంగుల్లో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, నాణ్యత సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చిన వాళ్ళకు చూపించారు. తప్పులను ఇంత శ్రద్ధగా రాసుకునే సంస్థను వాళ్ళు ఎక్కడా చూడలేదట. సర్టిఫికెట్ ఇచ్చారు. కేకు కోశాం. గ్లోరీకి కూడా ఒక ముక్క వచ్చింది.

ఇలా చూసి రాసుకోవడంలోనే ఏడాది దాటింది. 2023 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఆమె రూలును అడ్డుకునే పద్ధతికి మార్చింది. పదిహేను రోజుల ముందే అందరికీ మెయిలు పంపింది, రెండుసార్లు గుర్తు చేసింది. మేమంతా ఆ మెయిళ్ళను భద్రంగా దాచుకున్నాం, తెరవకుండా.

అదే వారంలో నకిరేకల్‌లో మెగా హెల్త్ క్యాంపు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పన్నెండు వందల మంది వచ్చారు. వేదిక మీద ఒక నాయకుడు కూర్చున్నాడు. ఆయన రక్తం తీసి, అరగంటలో రిపోర్టును పెద్ద తెర మీద చూపించాలన్నది విజేందర్ ఆలోచన. ఒక మనిషి రక్తం రిపోర్టును పన్నెండు వందల మందికి చూపించడం ఏమిటని ఎవరూ అడగలేదు. అప్పటికి మాకు అలవాటైపోయింది. విజేందర్ మనుషులు క్యాంపు కోసం కొత్త అర తెరవబోయారు, లోకమంతటికీ. రూలు కుదరదంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

విజేందర్ ఫోన్ చేశాడు. "క్యాంపు ఆపుతవా నువ్వు?"

"క్యాంపు ఆగలే సార్. మీరు అరను లోకానికి తెరుస్తున్నరు, గందుకే కుదరదంటున్నది. కంపెనీ నెట్‌వర్కుకు మార్చుకోన్రి. ఎట్లనో నేను చెప్త, అరగంట పని."

"అరగంటల నాయకుడు లేచి పోతడు!"

వెంటనే కమలాకర్ సార్ ఫోన్. "గ్లోరీ, మావోనికి జర మినహాయింపు ఇయ్యి."

రూలులో మినహాయింపుకు చోటు ఉంది. నిజంగా అవసరం పడితే, కొన్నాళ్ళ కోసం, ఫలానా అరను వదిలిపెట్టమని చెప్పొచ్చు.

"ఇస్తే ఇయ్యొచ్చు సార్. ఎవరడిగిన్రు, ఎవరు ఒప్పుకున్నరు, ఎందుకు, ఎన్ని రోజులు, అన్నీ రాయాలె."

"నేను ఒప్పుకున్న. రాస్కో."

"ఎన్ని రోజులు సార్?"

"శాశ్వతం అని రాయి."

చక్రం ఆగింది. నాయకుడి కొలెస్ట్రాల్ తెర మీదికి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

మినహాయింపు అనేది ఒకటి ఉందని తెలిశాక మేం ఆగుతామా? నెల తిరిగేసరికి ఇరవై మూడు అయ్యాయి. ఒక సెంటర్ 'సిస్టం స్లో' అని రాసింది. ఒకాయన 'పండుగ సీజన్' అని రాశాడు, ఏ పండుగో రాయలేదు. నేను 'సాంకేతిక కారణాలు' అని రాశాను. సాంకేతిక కారణం ఏమిటంటే, రిపోర్టులు తెరవాలంటే ముందు కంపెనీ నెట్‌వర్కులోకి చేర్చే ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి, పొద్దున్నే ఒకసారి ఫోన్‌కు వచ్చే ఓటీపీ కొట్టాలి. నా ఫోను పొద్దున పూట పక్క గదిలో ఛార్జింగ్‌లో ఉంటుంది.

గ్లోరీ నాకు ఫోన్ చేసింది. "గిరన్నా, సాంకేతిక కారణమంటే ఏందన్నా?"

"గదే చెల్లె... టెక్నికల్."

"ఎప్పటిదాంక?"

"రెండు నెలలు రాయి."

రెండు నెలలయ్యాక ఇంకో మూడు నెలలు పొడిగించుకున్నాను. ప్రతిసారీ ఆమె అదే అడిగింది, నేను అదే చెప్పాను. క్యాంపు అర గురించి మాత్రం ఆమె ఊరుకోలేదు. అందులో పన్నెండు వందల మంది పేర్లు, ఊళ్ళు, రోగాలు ఉన్నాయని, ఆ శాశ్వతం తీసేయాలని మూడుసార్లు రాసింది. "గీ పిల్లకు భయం జాస్తి" అని సార్ మా ముందే నవ్వారు. మేమూ నవ్వాం. సార్ నవ్వినప్పుడు నవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జూలైలో జరగవలసింది జరిగింది.

గ్లోరీ వాళ్ళ వాడలో జానమ్మ అని ఒకామె ఉంది. భర్త లేడు. ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం వండేది. నకిరేకల్ క్యాంపుకు ఆమె కూడా వెళ్ళి రక్తం ఇచ్చింది. కామెర్ల వైరస్, హెపటైటిస్ బి ఉందని తేలింది. సర్కారు దవాఖానకు పోతే డాక్టరు పరీక్షలు చేసి, వండితే, వడ్డిస్తే ఇది ఎవరికీ అంటదని, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమని చెప్పాడు. ఆమె కూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

ఆ ఊళ్ళోనే ఒకడు తన తండ్రి క్యాంపు రిపోర్టు కోసం ఫోన్లో వెతుకుతూ, అడ్రస్‌లో చివరి ముక్క కొట్టడం మరిచిపోయాడు. తండ్రి రిపోర్టుకు బదులు క్యాంపు అర మొత్తం తెరుచుకుంది, ఊళ్ళవారీగా, పేర్లవారీగా. అతడు తండ్రి రిపోర్టు సంగతి మరిచిపోయి ఊరి సేవలో పడ్డాడు. సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: 'జానమ్మకు డేంజర్ వైరస్. బడిల పిల్లలకు వండేది ఈమెనే. అందరికి షేర్ చేయండి.' కింద ఆమె రిపోర్టు. దాని మీద మా కంపెనీ పేరు, 'మీ ఆరోగ్యం, మా బాధ్యత' అనే మాట.

మరునాడు బడిలో తొంభై నాలుగు మంది పిల్లల్లో డెబ్భై మంది ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. హెడ్మాస్టరమ్మ నిర్మలమ్మ మంచి మనిషే. మంచి మనుషులు అలాంటప్పుడు ఏం చేస్తారో అదే చేసింది. "నాలుగు రోజులు రాకు జానమ్మా, అందరు మర్చిపోతరు" అంది. ఆ నాలుగు రోజులు ఎనిమిది వారాలయ్యాయి.

అది ఎవరి పనో కనిపెట్టడానికి ఊరికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ కంపెనీలో కంప్యూటర్ల దగ్గర కూర్చునేది బాలస్వామి బిడ్డే కదా.

భిక్షమ్మ గ్లోరీకి ఫోన్ చేసింది. "బిడ్డా, జానమ్మ మన గడప ముందట కూసున్నది. లోపటికి రమ్మంటే రానంటున్నది. నువ్వే ఊరికి చెప్పినవంటున్నరు." మళ్ళీ తనే, "నువ్వు చెప్పలేదు గద?" అంది.

తల్లి అడిగిన ఆ ఒక్క మాట తనను ఎంత కోసిందో గ్లోరీ నాకు తరవాతెప్పుడో చెప్పింది. అప్పుడు మాత్రం చేతిలో పని వదిలేసి మధ్యాహ్నం బస్సెక్కింది.

జానమ్మ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. గ్లోరీ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చిన్నమ్మా..."

"బిడ్డా, నేను సూది గుచ్చుమని మీ కంపెనీకి చెయ్యి చాపిన. ఊరందరికి చాపలె."

"నేను చెప్పలే చిన్నమ్మా. కానీ అది పోయింది మా దగ్గర్నుంచే. తలుపు తెరిచున్నదని నాకు ఎర్కనే."

"ఎర్కుండి ఎందుకు మూయలె?"

"మూయొద్దన్నరు."

"ఎవరన్నరు?"

గ్లోరీ పేర్లు చెప్పింది. ఎండీ పేరు, ఆయన బామ్మర్ది పేరు. జానమ్మ విని అడిగింది, "గాళ్ళ కాగితాలు గూడ అండ్లనే ఉన్నయా?"

"లేవు చిన్నమ్మా."

లేవు. కమలాకర్ సార్ తన రిపోర్టులను మొదటి వారంలోనే మూసిన అరలోకి మార్పించుకున్నారు. మా కంపెనీలో రూలును అందరికంటే ముందు పాటించింది ఆయనే.

జానమ్మ తిట్టలేదు. "తిడ్తే మంచిగుండేదన్నా" అని గ్లోరీ నాతో అంది. ఆమె ఊరికే లేచి, చీర దులుపుకుని, ఇంటికి నడిచింది.

గ్లోరీ తల్లి పెట్టిన అన్నం తినకుండానే తిరుగు బస్సెక్కింది. నాలుగున్నరకు ఆఫీసులో తన కుర్చీలో కూర్చుని, ఇరవై మూడు మినహాయింపులూ తీసేసింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదట. ఎవరినీ అడగలేదు. అందరికీ మూడు వాక్యాల మెయిలు వచ్చింది: 'మినహాయింపులన్నీ తీసేశాను. కంపెనీ నెట్‌వర్కులోకి రాని సెంటర్‌కు రిపోర్టులు తెరుచుకోవు. ఎలా రావాలో తెలియకపోతే ఫోన్ చేయండి, చెబుతాను.'

కల్వకుర్తిలో నా ముందు ముప్పై మంది రిపోర్టుల కోసం నిలబడి ఉన్నారు. నేను ఫోన్లో గ్లోరీ మీద అరిచాను. ఆమె నన్ను అరవనిచ్చింది. తరవాత నెమ్మదిగా, "గిరన్నా, నీ ఫోన్ తెచ్చుకో. సాఫ్ట్‌వేర్ తెరువు. ఇప్పుడొక నంబర్ వస్తది, కొట్టు" అంది. పక్క గదిలోంచి ఫోను తెచ్చుకున్నాను. అంతా అయ్యేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. ఐదు నెలలుగా నేను కాపాడుకుంటూ వచ్చిన సాంకేతిక కారణం పదకొండు నిమిషాల్లో చచ్చిపోయింది. అప్పుడు ఆమె జానమ్మ సంగతి చెప్పింది. నా అర నుంచి ఏదీ బయటికి పోలేదని తరవాత తేలింది. అందులో నా గొప్ప ఏమీ లేదు. కల్వకుర్తిలో ఎవరూ వెతకలేదు, అంతే.

మరునాడు హెడ్డాఫీసులో మీటింగు. నన్నూ పిలిచారు. ఇది చైనా వాళ్ళ పని అన్నాడు విజేందర్. చైనా వాళ్ళకు కట్టంగూర్ పక్క ఊళ్ళో ఒక వంటామె కాలేయంతో ఏం పని అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

కమలాకర్ సార్ గ్లోరీ వైపు తిరిగారు. "సెక్యూరిటీ సూసేది నువ్వు. బాధ్యత గూడ నీదే అయితది గద?"

గ్లోరీ రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఇరవై మూడు వరసలు. ఒక్కో వరసలో ఎవరు అడిగారు, ఎందుకు, ఏ తేదీన, ఎన్నింటికి, ఎవరు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవారు అన్న చోట ఇరవై మూడుసార్లూ ఒకటే పేరు.

సార్ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఇవన్ని ఎవరు రాసిన్రు?"

"ఎవరు రాయలే సార్. రూలే రాసుకుంటది."

"తీసేయొచ్చా?"

"రాదు సార్. తీసేస్తే, తీసేసిన్రని గూడ రాసుకుంటది."

గ్లోరీ ఇంకో మాట చెప్పింది. "జానమ్మ పోలీసు కంప్లైంట్ ఇస్తున్నది సార్. రాత్రి ఊరికి పోయి కాగితం నేనే రాసిచ్చిన. సాక్షిగ నా పేరు పెట్టిన."

ఆ సాయంత్రమే ఆమెకు షోకాజ్ నోటీసు ఇచ్చారు. దాన్ని నేను కళ్ళారా చూశాను. నేరం: 'పైవారి అనుమతి లేకుండా నియమాలు అమలు చేయుట.'

మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది. "గిరన్నా, పోలీసులు అడిగితే మీ సెంటర్ సంగతి ఉన్నదున్నట్టు చెప్తవా?"

"సూద్దాం చెల్లె" అన్నాను. మా వైపు 'సూద్దాం' అంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. చివరకు పోలీసులు అడిగినప్పుడు చెప్పాను. ధైర్యం వచ్చి కాదు, ఆ జాబితాలో నా పేరు ఎలాగూ ఉంది.

కేసు ఇంకా నడుస్తోంది. విచారణకు వచ్చిన వాళ్ళు రికార్డులు అడిగితే, వాటిని చూపించి అర్థమయ్యేలా చెప్పగలిగింది కంపెనీ మొత్తంలో ఒక్క గ్లోరీయే. ఆమెను తీసేస్తే చెప్పే దిక్కు లేదు, పైగా లోకం ఏమనుకుంటుంది? నోటీసు వెనక్కి పోయింది. విజేందర్ యాప్ మూతపడింది. ఆయన ఇప్పుడు బ్రాండ్ విలువల డైరెక్టర్. సెప్టెంబరులో వార్షికోత్సవం చేసి గ్లోరీకి శాలువా, జ్ఞాపిక ప్రకటించారు. మినహాయింపులకు తాను మొదటి నుంచీ వ్యతిరేకినని కమలాకర్ సార్ మైకులో చెబుతుంటే నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. గ్లోరీ రాలేదు. ఆమె తరఫున శాలువా నేను అందుకున్నాను. ఏం చేయాలని ఫోన్ చేస్తే, "రెండో అంతస్తు ప్రింటర్‌కు దుమ్ము పడుతున్నదన్నా, కప్పు" అంది.

ఆ రోజు ఆమె బడిలో ఉంది. దవాఖాన డాక్టరును రమ్మని అడిగితే ఆయనకు వీలు కాలేదు కానీ, వంట వల్ల ఈ జబ్బు అంటదని సంతకం చేసి కాగితం ఇచ్చాడు. తల్లిదండ్రుల మీటింగులో నిర్మలమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ ఆమె గొంతు కాస్త గట్టిపడిందట.

"కాయిదంల రాస్తే రోగం పోతదా?" అని వెనక నుంచి ఒకరన్నారు.

గ్లోరీతో వచ్చిన భిక్షమ్మ లేచింది. ఆ తల్లి మీటింగుల్లో మాట్లాడటం అదే మొదలు. "కరోనల మీ ఇండ్ల ముందట కంచెలు కట్టినప్పుడు బువ్వ వండి పంపిందెవలు? గప్పుడు తిన్నరు గద. గప్పుడు ఎవలన్న ఆమె కాయిదం అడిగిన్రా?"

సోమవారం జానమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించింది. పద్నాలుగు మంది పిల్లలు ఇంకో ఏడాదంతా డబ్బాలు తెచ్చుకున్నారు.

గ్లోరీ ఇప్పటికీ మా దగ్గరే చేస్తోంది. మినహాయింపు ఎవరికైనా ఏడు రోజులే. ఇద్దరు సంతకం పెట్టాలి, ఎనిమిదో రోజు తలుపు దానంతటదే మూసుకుంటుంది. రోగికి వెళ్ళే లింకు ఆ రోగి ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనే తెరుచుకుంటుంది. మొన్న కమలాకర్ సార్‌కు ఏదో పని మీద ఏడు రోజులు చాలలేదు. "గిరీ, నీ మాట వింటదేమో, జర గ్లోరీతోని మాట్లాడు" అని నాకు ఫోన్ చేశారు. సూద్దాం సార్ అన్నాను.

పోయిన నెల సంగతి. ఒక ఆదివారం ఊళ్ళో ప్రార్థన నుంచి గ్లోరీతో కలిసి నడిచి వస్తూ జానమ్మ అడిగింది.

"బిడ్డా, గీ రూలు ఊరి గ్రూపుకు గూడ పెట్టరాదు?"

"రాదు చిన్నమ్మా. గది మా కంపెనీది కాదు."

"మరి నా కాయిదం అండ్ల పెట్టినోడెవడు?"

గ్లోరీ అతని పేరు చెప్పింది. ఆ పేరు జానమ్మకు తెలియక కాదు. ఇన్నాళ్ళూ ఎవరూ ఆమె ముందు అనలేదు, అంతే. అతని ఇల్లు మూడిళ్ళ అవతలే. జానమ్మ నేరుగా అక్కడికి నడిచింది. గ్లోరీ వెనకే వెళ్ళింది. అతడు అరుగు మీద కూర్చుని, ఫోన్లో ఊరందరికీ పువ్వుల బొమ్మలు పంపుతున్నాడు.

"కొడుకా, నీ నెత్తురు కాయిదం ఏడున్నది? తీస్కరా. గ్లోరీ సదువుతది, నలుగురం ఇందాం."

అతడు లేచి నిలబడ్డాడు. గ్లోరీని చూసి, లోపలికి పోయాడు. చాలాసేపటికి కాగితం తీసుకుని కాదు, కుర్చీ తీసుకుని వచ్చాడు. జానమ్మ ముందు వేశాడు. తప్పయిందని అతడు అనలేదు. జానమ్మ కూర్చుంది. అతని తల్లి చాయ్ తెచ్చింది, తాము తాగే స్టీలు గ్లాసులోనే. జానమ్మ చివరి గుక్క దాకా తాగి, గ్లాసు కడగకుండా అక్కడే పెట్టి లేచింది.